రాజుబాబు కాదు, రాజుబాయి

పదవీ విరమణకు నాలుగేళ్ల ముందు, జూన్ నెలలో నన్ను కరీంనగర్ నుంచి ఉట్నూర్ జూనియర్ కాలేజీకి ఇంగ్లిష్ లెక్చరర్‌గా బదిలీ చేశారు. పాఠాలతో పాటు పరీక్షల ఇన్‌ఛార్జి పని కూడా నాకే అప్పగించారు. పరీక్ష రాసేవారి పేర్లతో పైకి పంపే జాబితాను నామినల్ రోల్ అంటారు. అందులో ఎలా ఉంటే హాల్ టికెట్ అలాగే అచ్చవుతుంది.

ఆ జాబితాలో మొదటి సంవత్సరం చదివే గోండు అమ్మాయి ఆత్రం రాజుబాయి కాస్తా రాజుబాబు అయింది. పక్కన 'పురుషుడు' అని కూడా పడింది. సరిచూసి సంతకం పెట్టింది నేనే. ఆ అమ్మాయి నోటీసు బోర్డు మీద జాబితా చూసి, దసరాకు ముందే వచ్చి చెప్పింది. సవరణకు పదో తరగతి మెమో నకలు, ప్రిన్సిపల్ లేఖ ఉంటే చాలు. "రేపు పంపుదాం" అన్నాను. ఆ రేపు రెండు నెలలు సాగింది.

ఒక ఉదయం క్లాసులో 'గెట్ రౌండ్ టు' అనే మాట వచ్చింది. వాయిదా వేస్తూ వేస్తూ చివరికి ఆ పనికి పూనుకోవడమని అర్థం చెప్పి, సొంత వాక్యాలు అడిగాను. రాజుబాయి లేచి, తడబడకుండా ఇంగ్లిష్‌లో చెప్పింది: మా సార్ నా పేరు దిద్దడానికి పూనుకునేసరికి నాకు మీసాలొస్తాయని.

క్లాసు గొల్లుమంది. "వాక్యంలో తప్పు లేదు, కూర్చో" అన్నాను గంభీరంగా.

"వాక్యం సరే సార్, పేరెప్పుడు సరైతది? ఇయ్యాల్నే ఆఖరు తేదంట. ఇచ్చోడల మా అక్కోళ్ల కాలేజీల చెప్పిండ్రు."

ఆ తేదీ తెలిపే నోటీసు నా సొరుగులోనే, విప్పని కవరులో ఉంది.

ప్రిన్సిపల్ లేఖ మీద సంతకం చేస్తూ, నా సర్వీసు ఎన్నేళ్లని అడిగారు. ఇరవై తొమ్మిదన్నాను. ఆయన స్టాంపు వేసి లేఖ నా చేతిలో పెట్టారు. జీపులో గుడిహత్నూర్, అక్కడి నుంచి బస్సులో ఆదిలాబాద్. జిల్లా కార్యాలయంలో గుమాస్తా ఖలీల్ సాబ్ అప్పటికే బీరువాకు తాళం వేస్తున్నారు.

"గిన్ని దినాలు ఏం జేసిండ్రు సార్?"

రెండు మూడు అబద్ధాలు నోటిదాకా వచ్చాయి. "బద్ధకించాను" అన్నాను.

ఆయన నన్ను ఎగాదిగా చూసి, బీరువా మళ్లీ తెరిచారు. "జర కూసోండ్రి. గీ మాట ఒప్పుకున్నోళ్లు ఇంతదనుక ఎవ్వలు రాలే."

హాల్ టికెట్ వచ్చాక రాజుబాయి ఒక్కో అక్షరం మీద వేలు పెట్టి చదువుకుంది. "బరాబర్ ఉంది సార్" అని రిజిస్టర్లో సంతకం చేసి వెళ్లిపోయింది.

ఆ తర్వాత నా సర్వీసు ముగిసేదాకా, నామినల్ రోల్ మీద సంతకం పెట్టే ముందు ఎవరి పేరు వాళ్లచేతే చదివించాను. పేరులోని తప్పు ఆ పేరు గలవాళ్లకు కనబడినంత త్వరగా ఇన్‌ఛార్జికి కనబడదు.