ఇంజను మీద తడి తువ్వాలు

ఇస్త్రీపెట్టె కింద తడిబట్ట చుయ్యిమంటే నాకిప్పటికీ తల దించుకోవాలనిపిస్తుంది.

ఉప్పెన వచ్చిన మరుసటి ఏడాది. బందరులో మా అంబాసిడరు చల్లగా ఉంటే బాగానే నడిచేది, వేడెక్కితే ఆగిపోయేది.

"షెడ్డులో చల్లగా ఉంటే లోపం దొరకదండీ. వేడెక్కేలా నడిపి చూడాలి, గుడివాడ దాకా నేనూ వస్తాను," అన్నారు మెకానిక్కు కరీం గారు.

"దారిలో పెడనలో వాళ్ళమ్మాయి ఉంది నాన్నా, అందుకే వస్తానంటున్నారు," అన్నాను, ఆయన ముందే.

పెడన దాటాక కారు ఆగింది. ఆయన భుజం మీది తువ్వాలు కాలవలో తడిపి, ఇంజను పక్కనున్న పెట్రోలు పంపుకి చుట్టారు. చుయ్యిమంది. కాసేపటికి ఇంజను అందుకుంది.

"వేడికి పెట్రోలు ఆవిరైపోతోందండీ."

తిరిగొస్తూ పెడనలో కరీం గారి అమ్మాయి ఉండే వీధిలో నాన్న కారాపి, "అమ్మాయిని చూసొస్తారా?" అన్నారు.

"వద్దండీ, కారు కోసం వచ్చాను కదా."

నాకప్పుడు ఎనిమిదేళ్ళేనని సర్దిచెప్పుకుంటాను. కానీ అరుగు మీద నుంచి ఆయన కూతురు మా కారునే చూస్తూ ఉండటం నేను చూశాను.