రత్నమణి పోసిన టీ

రత్నమణికి అరబ్బీ వచ్చునని విశాఖపట్నంలో ఎవరికీ తెలియదు. అరబ్బు తీరంలో ఆమెను ఆయాగా పెట్టుకున్న దొరకూ తెలియదు. ఆమె తెలియనివ్వలేదు.

ఆ దొర ఇంగ్లీషు సర్కారు తరఫున అక్కడ పొలిటికల్ ఏజెంటు. ఏ తెగ ఏ తెగతో కొట్లాడుతోంది, ఎవరు ఎవరితో కలుస్తున్నారు, ఇది కనిపెట్టి ఉండడమే ఆయన ఉద్యోగం. మగవాళ్ల కబుర్లు మోయడానికి ఆయనకు మనుషులున్నారు. ఆడవాళ్ల లోగిళ్లలోకి మాత్రం దొరసాని, ఆమె వెనక బిడ్డను ఎత్తుకుని రత్నమణి, వీళ్లే వెళ్లగలరు. రాజీలు మొదట పుట్టేది అక్కడే.

ఒకసారి దొరసాని భోజనాల దగ్గర దొర ముందు నోరు జారింది. ముత్యపు చిప్పలు తీసే చోటు కోసం తరాలుగా కొట్టుకుంటున్న రెండు తెగలు వియ్యమందబోతున్నాయని చెప్పేసింది. దొర ఒక తెగకు తుపాకులు బహుమానంగా పంపాడు, రెండో తెగ పడవలను ఆపించాడు. పెళ్లి ఆగింది, పెళ్లికూతురి అన్న శవమై తేలాడు. ఆ తర్వాత దొర ఏది అడిగినా రత్నమణిది ఒకటే జవాబు: "నాకు వాళ్ల భాష రాదు దొరగారూ."

పందొమ్మిది వందల డెబ్బై ఒకటిలో దొరలు ఆ తీరం ఖాళీ చేశారు. రత్నమణి విశాఖ వన్‌టౌన్‌లో అక్క పుష్పకుమారి ఇంటికి చేరింది. కొన్నాళ్లకు కొత్త జెట్టీ ఆఫీసులో టీ కాచే పని దొరికింది. కాంట్రాక్టు పని. అక్కకు జబ్బు, ఇల్లు నడిచేది దానితోనే.

జెట్టీ కోసం రెండు జాలరి పల్లెలను ఖాళీ చేయించాలి, ఎర్రమెట్టనూ సవుడుపాలేన్నీ. ఒడ్డు మీదికి అలివి వల లాగే చోటు దగ్గర తగాదా వచ్చి ఆ రెండూళ్లూ ఏళ్ల తరబడి నిప్పూ నీళ్లూ పుచ్చుకోవడం లేదు. ఆఫీసరు గంగాధరరావుకు కావలసిందీ అదే. ఎర్రమెట్టతో 'సవుడుపాలెం ఒప్పేసుకుంది' అన్నాడు. సవుడుపాలెంతో 'ఎర్రమెట్ట ఒప్పేసుకుంది' అన్నాడు. మాటలకు రెండూళ్లకూ వేరువేరు రోజులిచ్చాడు.

ఒకరోజు రత్నమణిని గదిలోకి పిలిచాడు.

"నువ్వు రెండు పల్లెల్లోనూ చేపలు కొంటావుగా. ఎర్రమెట్ట వాళ్లంతా మాట వినే ఆ తవిటమ్మ సవుడుపాలెం వాళ్లతో కలుస్తోందంటున్నారు. ఎవరింటికి వెళుతోందో చూసి చెప్పు. నిన్ను పర్మినెంట్ చేయిస్తాను."

దొర పోయాడు. ప్రశ్న మాత్రం పోలేదు.

"నాకు ఆళ్ల బాస రాదు బాబూ."

"తెలుగేగా!"

"ఆళ్లలో ఆళ్లు అనుకునే తెలుగండి, మనకి సెప్పేది కాదు."

ఆ సాయంత్రమే ఆమె ఎర్రమెట్ట వెళ్లి తవిటమ్మకు ఈ సంగతి చెప్పింది. తవిటమ్మ కస్సుమంది.

"నానా? సవుడుపాలెమా? ఆళ్లు మా వల కోసేసినోళ్లు ఒదినా! ఆ గుమ్మం తొక్కుతానేటి?"

"కోపం ఉంచుకోయే, ఎవలొద్దన్నారు? జెట్టీ కట్టీసినాక వలెక్కడేత్తావ్? దెబ్బలాడుకోడానికైనా సముద్రం ఉండాల కదా!"

తవిటమ్మ పీట వాల్చి "కూకో" అంది. అప్పుడు రత్నమణి అరబ్బుల పద్ధతి ఒకటి చెప్పింది. ఏదైనా కోరడానికి వచ్చిన అతిథి ఇచ్చిన కాఫీ తాగడు, గిన్నె కింద పెట్టేస్తాడు. ఇంటాయన మాట ఇచ్చాకే తాగుతాడు. గుమ్మంలో తాగని గిన్నె మిగిలితే ఇంటాయనకే తలవంపులు. మర్నాడు చేపలు కొనబోయి సవుడుపాలెంలోనూ ఇదే చెప్పింది.

ఎర్రమెట్టకు ఇచ్చిన రోజున సవుడుపాలెం కూడా వచ్చింది. వరండా నిండిపోయింది. గంగాధరరావు మొహం మాడింది, అయినా నవ్వాడు.

"ముందు టీ తాగండి."

రత్నమణి అందరికీ పోసింది. తవిటమ్మ గ్లాసు నేల మీద పెట్టింది. పక్కన సవుడుపాలెం ఊరిపెద్ద దొరబాబు ఆమె కేసి చూడకుండానే తన గ్లాసు దాని పక్కన పెట్టాడు. తర్వాత అందరూ.

"చల్లారిపోతోందమ్మా, తాగండి."

"రెండూళ్లకీ ఒకే రోజు, ఒకే మాట. ఒప్పుకుంటే తాగుతాం," అంది తవిటమ్మ.

"ఇచ్చిన టీ తాగకపోవడం మర్యాదేనా?"

"ఇల్లు పీకడం మర్యాదేటి బాబూ?" అన్నాడు దొరబాబు.

"రత్నమణీ, గ్లాసులు తీసెయ్!"

"నాను తియ్యను," అంది రత్నమణి. తనకూ ఒక గ్లాసు పోసుకుని, నేల మీద పెట్టి, తవిటమ్మ పక్కన కూర్చుంది.

ఈగలు వాలాయి, టీ మీద మీగడ కట్టింది. అటూ ఇటూ తిరిగి తిరిగి గంగాధరరావు చివరికి "సరే, కలిపే మాట్లాడదాం" అన్నాడు.

తవిటమ్మ గ్లాసెత్తి ఒక గుక్క తాగింది. "పంచదార తక్కువైందే ఒదినా!" అంది. వరండా అంతా ఘొల్లుమంది.

మర్నాడు రత్నమణిని ఇక పనిలోకి రావద్దన్నారు. ఆమె టీ కెటిల్ పట్టుకుని సరాసరి గంగాధరరావు గదిలోకి వెళ్లి నిలబడింది.

"ఆ భాష రాదన్నావుగా?" అన్నాడాయన ఎత్తిపొడుపుగా.

"వచ్చు బాబూ. అరబ్బీ కూడా వచ్చు. మీలాటోళ్లకి సెప్పనంతే."

కెటిల్ బల్ల మీద పెట్టి బయటికి నడిచింది. గేటు దగ్గర తవిటమ్మ చేపల గంప దించుకుని ఆమె కోసం నిలబడి ఉంది.