సుగుణ వీపు కింద చప్పుడు

దయ్యాల కబుర్లంటే నాకు ఒళ్లుమంట. మనుషులకు మత్తిచ్చి, మళ్లీ లేపే డాక్టర్‌ని నేను. మానిటర్ చూపించని దాన్ని నమ్మే అలవాటు లేదు. ఇప్పుడూ నమ్ముతున్నానని చెప్పను.

2012లో కామారెడ్డి నుంచి ఎల్లారెడ్డిలోని ఒక చిన్న ఆసుపత్రికి, పిలిచినప్పుడల్లా బస్సెక్కి వెళ్లేదాన్ని. ఆపరేషన్‌లో కండరాలు సడలడానికి ఒక మందిస్తాం. చివర్లో దానికి విరుగుడు ఇస్తే గుండె వేగం తగ్గుతుంది. మరీ పడిపోకుండా అట్రోపిన్ గానీ గ్లైకోపైరోలేట్ గానీ తోడుగా ఇస్తాం. అట్రోపిన్‌ది దూకుడు, గ్లైకోది నిదానం. రెండూ వాడుకలో ఉన్నవే. ఏది మేలో చూద్దామని ఒకరికి అది, ఒకరికి ఇది ఇచ్చి పోల్చుకుంటున్నాను.

ఆ మధ్యాహ్నం సుగుణకు గ్లైకో వంతు. బీడీలు చుట్టే మనిషి, పేగుకు చిల్లు పడి వచ్చింది. బయట ఆమె భర్త, చంకలో పాలు మానని బిడ్డ.

ఆపరేషన్ బాగానే అయింది. విరుగుడూ గ్లైకో కలిపి ఎక్కించాను. గుండె వేగం పడిపోయింది. అట్రోపిన్ కూడా ఇచ్చాను. ఇంకా పడింది. మానిటర్ కూతల మధ్య ఎడం పెరిగిపోతోంది. బయటున్న బిడ్డ గుర్తొచ్చింది. ఛాతీ నొక్కడానికి వంగాను.

అప్పుడు వినిపించింది. సుగుణ వీపు కింద, పసిపిల్లను జోకొడుతున్నట్టు అరచేతి చప్పుడు.

"ఎవలు మేడం, తడుతున్నది?" అంది సిస్టర్. అందరి చేతులూ పైనే ఉన్నాయి.

మానిటర్ ఆ చప్పుడుతో కలిసి కూయడం మొదలుపెట్టింది. గుండె నిలదొక్కుకున్నాక చప్పుడు ఆగింది. దుప్పటి ఎత్తి చూశాం. ఏమీ లేదు.

అట్రోపిన్ ఆలస్యంగా పట్టి ఉంటుంది. రక్తం మెల్లగా పారేటప్పుడు అలా అవుతుంది. గుండె సంగతికి ఆ జవాబు చాలు. చప్పుడుకు చాలదు, ఈనాటికీ.

సాయంత్రం వార్డుకు వెళ్తే సుగుణ అటూ ఇటూ వెతుకుతోంది. "మా అవ్వ యాడికి పోయింది? ఇంతసేపు జోకొట్టింది గద!"

భర్త నన్ను పక్కకు పిలిచి గొంతు తగ్గించాడు. "ఈమెను కన్ననాడే పోయిందట మేడం వాళ్లవ్వ. ఈమె తల్లి మొఖం గూడ చూడలే."

సుగుణ నా కొంగు పట్టుకుంది. "ఎనుక నుంచి తట్టింది, నాకు కనవడలే. నువ్వు చూసినవా మేడం? ఎట్లుండె మా అవ్వ?"

చూడలేదన్నాను. విన్నానని మాత్రం చెప్పాను.