ఒక్క లైనండీ!

1988 మార్చి 4, శుక్రవారం. నూజివీడులో మా మామిడి రైతుల సంఘం ఆఫీసు. హాజరైనవారు: సెక్రటరీ గారు, టైపిస్టు అమ్మాయి, నేను, చిట్కాలాయన.

కంప్యూటరున్న ఆఫీసులన్నీ తిరిగి ప్రోగ్రాములు రాసిపెట్టే ఆయనను మేం అలాగే పిలిచేవాళ్లం. పత్రికల్లో చదివిన కొత్త చిట్కాలను కార్బన్ పేపరు పెట్టి రాసుకుని, వెళ్లిన ప్రతిచోటా ఒక కాపీ ఇచ్చేవారు. ఎంత పెద్ద చిక్కు చెప్పినా చూపుడువేలు ఎత్తి, "ఒక్క లైనండీ!" అనేవారు.

ఆ రోజు చిక్కు నిజంగానే పెద్దది. తోటల్లో పూతకు తేనెమంచు పురుగు పట్టింది. సంఘానికి ఉన్న స్ప్రేయరు ఒక్కటే. రేపు ఎవరి వంతో అడిగితే కంప్యూటరు ఖాళీ కాగితం ఇచ్చింది. రేపటి వంతులన్నీ మే నెలలోకి వెళ్లిపోయాయి.

"మేలో కాయలు లారీ ఎక్కేస్తాయి కదయ్యా! మందు లారీకి కొట్టమంటావా?" అన్నారు సెక్రటరీ గారు.

చిట్కాలాయన సంబరంగా కుర్చీ ముందుకు లాక్కున్నారు. "మనం రోజు ముందు రాసి 5/3 అని కొట్టాం. ఇది అమెరికా పద్ధతిలో నెల ముందనుకుని మే మూడు అని చదివిందండీ. ఒక్క లైనండీ!"

రోజే ముందని చెప్పే ఆ లైను ప్రోగ్రాములో చేర్చారు. తేదీలన్నీ మళ్లీ కొట్టాం. ప్రింటరు కరకరమంటూ ఆగిరిపల్లి రైతుల పేర్లు అచ్చువేస్తుంటే టైపిస్టు అమ్మాయి చప్పట్లు కొట్టింది. నేనూ కొట్టాను.

మర్నాడు ఉదయమే స్ప్రేయరు ఆగిరిపల్లి బయలుదేరింది. మైలవరం ఆఫీసులోనూ ఇదే తప్పు ఉండి ఉంటుందని చిట్కాలాయన హుషారుగా బస్సెక్కారు. కిటికీలోంచి నాకేసి చూసి, 'ఒక్క లైనండీ' అన్నట్టు చూపుడువేలు ఎత్తారు. కండక్టరు ఆ వేలు చూసి ఒక్క టిక్కెట్టు చింపి చేతిలో పెట్టాడు.