రేకుల కింద అంతర్జాతీయ సంబంధాలు

డిగ్రీ చివరి సంవత్సరంలో ఏ పేపర్లు తీసుకోవాలో మా తరగతిలో అందరూ సీనియర్లను అడిగి తేల్చుకున్నారు. నా సంగతి మాత్రం మా ఇంటి ముందు రేకుల కింద కూర్చుని బీడీలు చేసే నలుగురు ఆడవాళ్లు తేల్చారు. వాళ్లొకటి తేల్చారు, నేనొకటి చేశాను. ఆ రెండింటి మధ్య రెండు నెలలు నలిగాను.

మాది ఆర్మూర్. మా బాపు, అంటే నాన్న, పసుపు కొనే ఒక దుకాణంలో బస్తాలు కుడతాడు. పసుపు దిగే రోజుల్లో ఆయన ఇంటికి వస్తే కనుబొమలు కూడా పచ్చగా ఉండేవి. అమ్మ బీడీలు చేస్తుంది. ఇంటిపనులయ్యాక ఇరుగుపొరుగు నుంచి మరో ముగ్గురు వచ్చి అమ్మతో కూర్చునేవారు. వాళ్లలో వయసులో పెద్దామెను గల్లీ అంతా పెద్దమ్మ అనే పిలుస్తుంది. ఆమె బడి గడప తొక్కలేదు కానీ, ఏ ఇంట్లో తగువు వచ్చినా చివరిమాట ఆమెదే. రెండో ఆమె నాకు వరుసకు చిన్నమ్మ. నవ్వడం మొదలుపెడితే ఒళ్లోని చాట జారిపడేదాకా ఆపదు. మూడో ఆమె వదిన. భర్త మస్కట్‌లో తాపీ పని చేస్తాడు. అడిగితే తప్ప మాట్లాడే మనిషి కాదు.

నాకు చిన్నప్పటి నుంచీ గట్టిగా చదివితే తప్ప ఏదీ ఎక్కదు. బీడీలు చేసేవాళ్లకు చేతులకూ పనే, కళ్లకూ పనే. ఆకు కత్తిరించాలి, తంబాకు పోసి చుట్టాలి, దారం కట్టాలి. టీవీ చూస్తూ చేస్తే బీడీ వంకర పోతుంది. ఖాళీగా ఉండేవి చెవులు మాత్రమే. మొదటి సంవత్సరంలో ఒకరోజు లోపల ఉక్కగా ఉందని పుస్తకం పట్టుకుని రేకుల కిందికి వచ్చి చదువుకున్నాను. ఫ్రెంచి విప్లవం. నేను పేజీ తిప్పడానికి ఆగితే పెద్దమ్మ చెయ్యి కూడా ఆగింది.

"రాణిని గూడ సంపిండ్రా?" అంది.

"సంపిండ్రు పెద్దమ్మా."

"మరి పిల్లలో? పిల్లలను ఎవలు జూసిండ్రు?"

అది మా పుస్తకంలో లేదు. మరునాడు కాలేజీలో చరిత్ర మేడమ్‌ను అడిగి తెలుసుకుని వచ్చి చెప్పాల్సి వచ్చింది. ఆ రోజు నుంచి నా చదువు రేకుల కిందే. వాన పడితే రేకుల చప్పుడు మీద గొంతు పెంచి చదివేదాన్ని. పరీక్ష రాసి వస్తే గేటు తీయకముందే చిన్నమ్మ అడిగేది, "మనం సదివినయి వచ్చినయా?" అని. 'మనం' అనేది ఆమెకు చాలా సహజంగా వచ్చేది.

ఐదో సెమిస్టర్ మొదలైన వారంలో కాలేజీలో ఒక ఫారం ఇచ్చారు. ప్రతి సబ్జెక్టులో రెండు పేపర్లు, వాటిలో ఒకటి ఎంచుకోవాలి. చరిత్ర, అర్థశాస్త్రం దగ్గర ఇబ్బంది లేదు. రాజనీతిశాస్త్రం దగ్గరే వచ్చింది. ఒకటి స్థానిక పాలన, ఇంకొకటి అంతర్జాతీయ సంబంధాలు. జక్రాన్‌పల్లి నుంచి బస్సులో వచ్చే నా స్నేహితురాలు, రెండేళ్లుగా నా బెంచీయే, నన్ను ఆలోచించనివ్వలేదు.

"లోకల్ తీస్కోవే. గైడ్ గింత సన్నగుంటది. మా అక్క నోట్సు గూడ ఉంది. ఇంటర్నేషనల్ అయితే గా దేశాల పేర్లు రాసుడుకే చెయ్యి నొస్తది."

నాకూ అదే బాగనిపించింది. ఫారం ఇంటికి తెచ్చి, అమ్మకు చూపించి సంతకం చేయించుకుందామనుకున్నాను. కానీ పెద్దమ్మ కళ్లు దాని మీద పడ్డాయి.

"గా కాయితమేంది బిడ్డా?"

"పేపర్లు ఏరుకోవాలె పెద్దమ్మా. ఫైనలియర్ గదా."

"అయితే సదువు. ఏమేమున్నయో ఇంటం."

"పరీక్ష రాసేది నేను పెద్దమ్మా."

"రాసుడు నువ్వే రాస్తవ్. ఏడాదంత ఇనేది ఎవలు? మమ్మల్ని అడగవా?"

చిన్నమ్మ నవ్వు మొదలుపెట్టింది. నేను రెండు పేపర్లలో ఏముంటుందో చదివాను. ముందు స్థానిక పాలన: వార్డు కమిటీలు, మున్సిపాలిటీ బాధ్యతలు, మురుగు కాలువలు, పారిశుధ్యం. పెద్దమ్మ సగంలోనే చెయ్యి అడ్డం పెట్టింది.

"మన గల్లీ మోరి ఎందుకు సాఫ్ అయితలేదో మనకు ఎర్కలేదా? గదానికి పుస్తకమెందుకు?"

తర్వాత అంతర్జాతీయ సంబంధాలు చదివాను. శీతల యుద్ధం, ఐక్యరాజ్యసమితి, చమురు రాజకీయాలు, పశ్చిమాసియా, వలస కార్మికులు. వదిన చేతిలో కత్తెర ఆగింది.

"పశ్చిమాసియా అంటే ఏది?"

"గల్ఫ్ వదినా. దుబాయి, సౌదీ, మస్కట్, అన్ని."

"మస్కట్ ఉంటదా పుస్తకంల?"

"ఉంటది."

"అయితే గది తీస్కో," అని మళ్లీ ఆకు కత్తిరించుకుంది. ఆమె అంత ఖచ్చితంగా మాట్లాడటం నేను అంతకుముందు వినలేదు.

అమ్మ సంతకం పెడుతూ అంది, "నీకేది మంచిగనిపిస్తే గది తీస్కో బిడ్డా. గని గదే తీస్కో."

మరునాడు ఫారం ఇచ్చే వరుసలో నిలబడినప్పుడు నా పెన్ను ఒక్క క్షణం ఆగింది. వెనక స్నేహితురాలు, "జల్ది కొట్టవే, బస్సు పోతది," అంది. స్థానిక పాలన ఎదురుగా టిక్కు కొట్టాను.

ఇంటికి వచ్చేసరికి వదిన గేటు దగ్గరే ఉంది. తనంతట తాను పలకరించని మనిషి, "తీస్కున్నవా?" అంది.

"ఆఁ, తీస్కున్న," అన్నాను. ఎలా వచ్చిందో ఆ మాట నోట్లోంచి!

ఇక తప్పేదేముంది? కాలేజీ లైబ్రరీ నుంచి అంతర్జాతీయ సంబంధాల పుస్తకం తెచ్చాను. సాయంత్రం రేకుల కింద అది గట్టిగా చదివేదాన్ని. పొద్దున లేచి స్థానిక పాలన గైడు లోపలి అర్రలో పెదవి కదపకుండా చదివేదాన్ని. ఒకటి పరీక్ష కోసం, ఒకటి అబద్ధం కోసం.

అబద్ధం కోసం చదివినదే బాగా నడిచింది. భద్రతామండలిలో ఐదు దేశాల్లో ఏ ఒక్కటి వద్దన్నా తీర్మానం ఆగిపోతుందని చదివితే పెద్దమ్మకు కోపం వచ్చింది. "ఒక్కడు కాదంటే అయిపాయెనా? గదేం పంచాయితీ?" అని సాయంత్రమంతా గొణిగింది. పశ్చిమాసియా వచ్చిన రోజు వదిన పటం చూపించమంది. పుస్తకంలోది మరీ చిన్నగా ఉందని గచ్చు మీద సుద్దముక్కతో గీశాను. ఇది మన దేశం, ఇది బొంబాయి, ఇదంతా అరేబియా సముద్రం, ఇక్కడ మస్కట్. వదిన చాట పక్కన పెట్టి వచ్చి పటం పక్కన కూర్చుంది. బొంబాయి మీద ఒక వేలు, మస్కట్ మీద ఒక వేలు పెట్టింది. ఒక్క చేతికే అందాయి.

"గీ నీళ్లు దాటితే అచ్చినట్టేనా? గింత దగ్గర్నా! నేనింకా ఎటో దునియా అవుతల ఉన్నదనుకున్న," అంది.

ఆ పటాన్ని అమ్మ రెండు రోజులు తుడవనివ్వలేదు.

పరీక్ష కోసం చదివినది మాత్రం ఎక్కలేదు. మొదటి ఇంటర్నల్‌లో స్థానిక పాలనలో ఇరవైకి ఏడు వచ్చాయి. గైడు సన్నగానే ఉంది, కానీ అందులోని ఒక్క వాక్యమూ నా గొంతులోంచి పోలేదు కదా. స్నేహితురాలికి పదహారు వచ్చాయి. "ఏమైందే నీకు?" అంది. గైడు మూసి సంచిలో పెట్టుకున్నాను.

ఆ వారమే లైబ్రరీలో పుస్తకం గడువు పొడిగించుకోవడానికి నిలబడి ఉంటే రాజనీతిశాస్త్రం సార్ వచ్చారు. నా చేతిలోని అట్ట చూసి ఆగారు.

"ఏమ్మా, నువ్వు స్థానిక పాలన గదా? ఈ పుస్తకం ఉన్నయే రెండు. అవుతలి క్లాసు పిల్లలు దొరుకుతలేదని నా పానం తీస్తున్నరు. రెండు నెలల నుంచి నీ దగ్గరనే ఉందా?"

పుస్తకాన్ని బల్ల మీద పెట్టాను. ఉన్నదున్నట్టు చెప్పాను. పెద్దమ్మ సంగతి, మస్కట్ సంగతి, గేటు దగ్గర ఆడిన అబద్ధం. సార్ కళ్లద్దాలు తీసి తుడుచుకుంటూ విన్నారు.

"అయితే చెప్పు, శీతల యుద్ధం అంటే ఏంది?"

"సార్, గల్లీల రెండు పెద్దిండ్లకు పడదనుకోండ్రి. వాళ్లిద్దరు ఎన్నడు కొట్టుకోరు. గని గల్లీల ఉన్నోళ్లందర్ని నువ్వు నా దిక్కా, వాని దిక్కా అని గుంజుతరు. కొట్టుకునేది నడుమ ఉన్నోళ్లు."

అది పెద్దమ్మ చెప్పిన అర్థం. సార్ పెద్దగా నవ్వితే లైబ్రరీ ఆమె తలెత్తి చూసింది.

"పరీక్షల గిట్ల రాయకు. గని నీకు సమజైంది. పరీక్ష ఫీజు కట్టే లోపల పేపరు మార్చుకోవచ్చు. దరఖాస్తు రాసి ఇంట్ల సంతకం పెట్టించుకొని రా."

సంతకం పెట్టించాలంటే ఎందుకు మారుస్తున్నానో చెప్పాలి. బాపు అయితే అడగకుండా పెడతాడని మామిడిపల్లి చౌరస్తా దాటి ఆయన పనిచేసే దుకాణం దాకా నడిచాను. దబ్బనం పళ్ల మధ్య పట్టుకుని బస్తా మూతి మడుస్తున్నాడు. నన్ను చూసి, "ఏమైంది బిడ్డా?" అన్నాడు. "ఏం లేదు, ఉత్తగనే అచ్చిన," అని వెనక్కి తిరిగాను. ఒక అబద్ధంతోనే రెండు నెలలు గడిచాయి, ఇంకొకటి మోయడం నా వల్ల కాదనిపించింది.

రేకుల కింద నలుగురూ ఉన్నారు. చెప్పులు విప్పి నిలబడే అంతా చెప్పేశాను. ఎప్పుడూ నవ్వే చిన్నమ్మ కూడా నవ్వలేదు. పెద్దమ్మ నా మొహంలోకి చూసింది.

"అంటే గీ పుస్తకం నీ పరీక్షకు లేనే లేదా?"

"లేదు."

"మరి గొంతు పోయేటట్టు రెండు నెల్లు ఎందుకు సదివినవే?"

"మీరు ఇంటుండ్రు గదా," అన్నాను. అంతకంటే మంచి జవాబు నాకు అప్పుడు తట్టలేదు. ఇప్పుడూ తట్టడం లేదు.

వదిన లేచి, లోపలి నుంచి పెన్ను తెచ్చి అమ్మ చేతికిచ్చింది. అమ్మ తంబాకు చేతులు కొంగుకు తుడుచుకుంది. ఐదో తరగతి దాకా చదివిన చేతి రాత, ఒక్కో అక్షరమూ విడివిడిగా నిలబెట్టి సంతకం చేసింది. అప్పుడు చిన్నమ్మకు నవ్వు వచ్చింది. ఆపుకున్నకొద్దీ ఎక్కువై, చాట కిందపడి బీడీలు గచ్చంతా దొర్లాయి. అబద్ధమాడినందుకు వారం రోజులు నలుగురికీ చాయ్ నేనే పెట్టాలని పెద్దమ్మ తీర్పు చెప్పింది. మొదటి రోజు చక్కెర ఎక్కువైందని తిట్టింది కూడా.

కొత్త క్లాసులో నాతో కలిపి పదిమందిమి. లైబ్రరీ పక్క చిన్న గదిలో కూర్చునేవాళ్లం. నా దగ్గరున్న పుస్తకాన్ని వంతులేసుకుని చదివాం. స్నేహితురాలు నాలుగు రోజులు మాట్లాడలేదు. ఐదో రోజు మధ్యాహ్నం నా డబ్బాలోంచి పచ్చడి తీసుకుని మాట్లాడటం మొదలుపెట్టింది.

చలికాలంలో, పరీక్షలకు పది రోజుల ముందు, వదిన భర్త సెలవు మీద వచ్చాడు. వచ్చిన మూడో రోజు మా ఇంటికి వచ్చి రేకుల కింద కుర్చీ వేసుకున్నాడు.

"ఏం సదువుతరో ఇందామని అచ్చిన చెల్లె. ఫోన్ల ఎప్పుడు జూసినా, మాకు సదువున్నది, మళ్ల చేస్త అని పెట్టేస్తది."

వదిన తలొంచుకుని దారం కట్టుకుంటోంది. చెవులు ఎర్రబడ్డాయి. ఆ రోజు పాఠం వలస కార్మికుల ఒప్పందాలు. ఆయన చివరిదాకా కదలకుండా విన్నాడు.

"పుస్తకంల తప్పేం లేదు. గని సగమే ఉన్నది," అన్నాడు. ఎండాకాలం మధ్యాహ్నం పని ఆపాలనే నియమం అక్కడ ఎలా వచ్చిందో, ఆ రెండు మూడు గంటలు మనవాళ్లు కట్టే గోడ నీడలోనే ఎలా పడుకుంటారో, నేపాలీలు, బెంగాలీలు, కేరళవాళ్లు కలిసి ఏ భాషలో మాట్లాడుకుంటారో చెప్పాడు. పెద్దమ్మ అడ్డం రాకుండా వినడం అదే మొదటిసారి. ఇన్నేళ్లలో తనకు చెప్పని సంగతులు చెప్తున్నాడని వదిన అలగబోయి, మళ్లీ వినడంలో పడి మరిచిపోయింది. నేను పుస్తకం మూసి నోట్సు రాసుకున్నాను.

పరీక్షలో వలస కార్మికుల ప్రశ్న వచ్చింది. పుస్తకంలోని సగమూ రాశాను, ఆయన చెప్పిన సగమూ రాశాను. అదనపు కాగితాలు రెండుసార్లు అడిగాను. మంచి మార్కులే వచ్చాయి.

ఇప్పుడు డిచ్‌పల్లిలో ఎం.ఏ. చదువుతున్నాను, అదే సబ్జెక్టు. హాస్టల్ గదిలో గట్టిగా చదివితే తోటివాళ్లు చెవులు మూసుకుంటారు కాబట్టి మేడ మీదికి పోతాను. శనివారం బస్సెక్కి ఇంటికి వస్తాను. నేను లేని రోజుల్లో అమ్మే న్యూస్‌పేపరు చదివి వినిపిస్తోందట, కూడబలుక్కుంటూ, ఒత్తుల దగ్గర ఆగుతూ. మొన్న వచ్చినప్పుడు పెద్దమ్మ నాకు ఫిర్యాదు చేసింది.

"మీ అమ్మ సదివితే ఒక్క యుద్ధం అయిపోవుడుకు వారం పడ్తుంది బిడ్డా. నువ్వన్న జర జల్ది సదువు," అని పేపరు నా చేతిలో పెట్టింది. అన్నం తిన్నాక చదువుతానని అంటే, నలుగురూ చేతులాపి నేను తినడం అయ్యేదాకా నా వైపే చూస్తూ కూర్చున్నారు.