ఉత్తరేణి పట్టు

మనవరాలి తుంటి ఎముకలోంచి మూలుగ తీసి పరీక్షకు పంపారు. ఫలితం వచ్చేదాకా పిల్లను ఇంటికి తీసుకుపొమ్మన్నారు. నాలుగేళ్ల పిల్ల. ఎడమ డొక్కలో నా పిడికిలంత గడ్డ. నరాలుగా ఎదగాల్సిన కణాలు దారితప్పి అలా గడ్డ కడతాయట. చిన్నపిల్లలకే వచ్చే కేన్సరట. మూలుగలోకి పాకకపోతే ఒక వైద్యం, పాకితే ఇంకొకటి. ఆ ఇంకొకదాని గురించి డాక్టరమ్మ ఎక్కువ మాట్లాడలేదు.

విశాఖ ఆసుపత్రిలో నేనే అడిగాను, పాకడానికి దానికి కాళ్లున్నాయా అని. కొడుకు నా చెయ్యి గిల్లాడు. ఆవిడ విసుక్కోలేదు.

"చేతులనుకోండమ్మా. ప్రతి కణానికీ పైన పట్టుకునే చేతుల్లాంటివి ఉంటాయి. పక్క కణాన్ని పట్టుకుని ఉన్నచోట ఉంటుంది. ఈ జబ్బు కణాలు కొన్ని ఆ పట్టు వదిలేసి రక్తంలో పడతాయి. మూలుగలో పట్టు దొరికితే అక్కడ అంటుకుని పెరుగుతాయి."

మూడో తరగతితో బడి మానేసినదాన్ని. కణం ఎలా ఉంటుందో తెలియదు. ఉత్తరేణి తెలుసు. గట్టున చీర తగిలితే చాలు, గింజ కంకిని వదిలేసి గుడ్డను పట్టుకుంటుంది. ఎక్కడ రాలితే అక్కడ మొలుస్తుంది. అలాగేనా అన్నాను. అలాగేనంది. కడుపు మాత్రం ఎవరూ నొక్కకూడదని, గడ్డ చిట్లితే ప్రమాదమని మరీ మరీ చెప్పింది.

ఫలితం కోసం కొడుకూ కోడలూ విశాఖ వెళ్లిన రోజున, గజపతినగరం దగ్గర మా ఇంటికి వియ్యపురాలు వచ్చింది. వెనకాల ఒక ముసలమ్మ, చేతిలో ఆముదం సీసా. మా వైపు పిల్లల కడుపులో ఏ గడ్డ తగిలినా బల్ల అంటారు. ఆముదం రాసి బొటనవేళ్లతో నొక్కి కరిగిస్తారు. కరక్కపోతే పసుపుకొమ్ము కాల్చి వాత పెడతారు. ఆ వాత మచ్చ నా పొట్టమీద ఇప్పటికీ ఉంది.

"వదినా, గుంటని ఇలాగ పడుకోబెట్టు. ఈయమ్మ సెయ్యి పడితే బల్ల కరిగిపోతాది."

"బల్ల కాదు. కడుపు ముట్టుకోవద్దని డాక్టరమ్మ సెప్పింది."

"ఓలమ్మ! మూడో కలాసు సదివీసి నువ్వూ డాక్టరువైపోనావేటి? నా కూతురు కన్న గుంట. నాకు బాధుండదేటి?"

"నీకు బాధుంటే ఏడు. గుంట కడుపు నొక్కించకు."

మేం మాటల్లో ఉండగానే ముసలమ్మ అరచేతిలో ఆముదం పోసుకుని చాప దగ్గర కూర్చుంది. పిల్ల గౌను పైకెత్తింది. నేను వంగి ఆమె మణికట్టు పట్టుకున్నాను. నూనె చెయ్యి, జారిపోయింది. ఈసారి రెండు చేతులతో పట్టి ఇవతలకి లాగాను.

"ఇడువు వదినా, ముసిలిదాని సెయ్యిరిగిపోతాది!"

"ఇరిగితే కట్టు కట్టిస్తాను. గడ్డ సితికితే దానికేటి కట్టిస్తావు?"

పిల్ల మా మొహాలు చూసి, "మామ్మా, నొక్కుతాదా?" అంది.

"నొక్కదు. పడుకో."

పిల్లకూ వాళ్లకూ మధ్య గోడలా కూర్చున్నాను. వియ్యపురాలు కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. నేను ఆమెను పొమ్మనలేదు, దగ్గరకు రమ్మనలేదు. ఆమెదీ నా భయమే. ఒకవేళ పాకేసి ఉంటే, ఈ నొక్కడం ఆపి నేనేం కాపాడినట్టు?

మధ్యాహ్నం దాటాక ఫోను మోగింది.

"అమ్మా, మూలుగలో నేదట, పాకనేదట."

"మళ్లీ సెప్పు."

"నేదటే అమ్మా! మందెక్కిస్తారు. గడ్డ తగ్గాక కోసి తీసేస్తారట."

ఫోను వియ్యపురాలి చేతికిచ్చాను, కొడుకు నోటినుంచే ఆమె కూడా వినాలని. ముసలమ్మకు అన్నం పెట్టాను. అరచేతిలోంచి చాపమీద ఒలికిన ఆముదాన్ని గుడ్డకు అద్ది తలుపు బందులకు రాశాను. కిర్రుమంటున్నాయి ఎన్నాళ్లుగానో.

పొద్దున్న గట్టు మీంచి వచ్చినప్పుడు చీర అంచుకు ఉత్తరేణి పట్టుకుంది. ఎప్పుడూ పెరట్లో దులిపేసేదాన్ని. ఆవేళ ఒక్కో గింజా లాగి పొయ్యిలో వేశాను.