వెనక వచ్చేవాడి కోసం ఎర్రగుడ్డ

మావయ్య పోయాడని అత్తయ్య ఫోన్‌లో చెప్పినప్పుడు నేను నమ్మలేదు. "ఎవరు చూశారు? డాక్టరు వచ్చాడా? ఊపిరి ఆడటం లేదని సరిగ్గా చూశారా?" అని వరసగా అడిగాను. అత్తయ్య ఏడుస్తూనే నవ్వింది. "అచ్చం మీ మావయ్యలాగే అడుగుతున్నావే," అంది. పొద్దున కాఫీ తీసుకుని వెళ్ళేసరికి మంచం మీదే ఉన్నాడట, కళ్ళజోడు పెట్టుకుని. నిద్రలో పోయిన మనిషి కళ్ళజోడు ఎందుకు పెట్టుకున్నట్టు? ఆ ప్రశ్న రెండు రోజులు నా బుర్ర తొలిచింది. వచ్చిందెవరో చూద్దామని పెట్టుకుని ఉంటాడు.

నేపర్‌విల్‌లో మన తెలుగు చర్చికి వచ్చేవాళ్ళలో ఆయన్ని ఎరగనివాళ్ళు తక్కువ. ఆరాధనకి ముందు మడత కుర్చీలని ఒక్కొక్కటే నొక్కి చూసిగాని ఎవర్నీ కూర్చోనివ్వని పెద్దమనిషి ఆయనే. మా అమ్మకి తమ్ముడు. బందరులో పుట్టి, ఈ దేశం వచ్చి వంతెనలు తనిఖీ చేసే ఇంజనీరుగా పనిచేశాడు. "ప్రార్థన చేసుకో, తరవాత నట్టు తిప్పి చూడు. రెండూ చెయ్యి," అనేవాడు. పాస్టరు గారికి ఆ మాట అంతగా నచ్చేది కాదు.

ఆయన అనుమానించని వస్తువు లేదు. పాల డబ్బా మీద తారీఖు చూసి, మూత తీసి వాసన చూసి, "నువ్వు కూడా చూడు," అని అత్తయ్యకి ఇచ్చేవాడు. టీవీలో వాతావరణం చెప్పే మనిషి మంచు పడదన్నాడంటే పార తెచ్చి గుమ్మం దగ్గర పెట్టేవాడు. ఎవరైనా ఊరికే నవ్వితే ఏం అమ్మడానికి వచ్చాడోనని చేతులవంక చూసేవాడు. "ఇంత అనుమానంతో ఎలా బతుకుతున్నావు మావయ్యా?" అని ఒకసారి అడిగాను. "అనుమానంతోనే బతుకుతున్నానే," అన్నాడు. నాకూ ఆ జబ్బు ఉంది. కాకపోతే నాది కూర్చుని ఆలోచించే అనుమానం. ఆయనది లేచి వెళ్ళి చూసే అనుమానం.

డెబ్భైల చివర మా అమ్మాయి స్కూల్లో స్కీ క్లబ్బులో చేరింది. చలికాలం శనివారాలు పిల్లల్ని బస్సులో విస్కాన్సిన్ గుట్టల మీదికి తీసుకువెళతారు. మా ఆయనకి శనివారం డ్యూటీ. నాకు హైవే మీద నడపడమంటే భయం. సరే, బస్సులోనే పంపిద్దాం అనుకుంటుండగా మావయ్య ఆ బస్సుని చూడ్డానికి వెళ్ళాడు. టైర్ల పక్కన గొంతుక్కూచుని, లేచి, డ్రైవరు మొహంలోకి చూసి ఇంటికొచ్చాడు.

"టైర్లు పరవాలేదు. వాడే ఆవలిస్తున్నాడు. పిల్లని నేను తీసుకెళతా."

స్కీలంటే మంచు మీద జారడానికి కాళ్ళకి తగిలించుకునే, మనిషంత పొడుగుండే సన్నని పలకలు, ఒక కొస పైకి వంగి ఉంటుంది. వాటిని కారు పైన ర్యాక్ మీద పడుకోబెట్టి పట్టీలతో బిగించాలి. వంగిన కొస వెనక్కి ఉండాలని వాటిని అమ్మిన కొట్టువాడు చెప్పాడు. మావయ్య నమ్మలేదు. "ముందుకి పోయేదానికి మూతి వెనక్కేంటే? బందరులో ఏ పడవకైనా అలా చూశావా?" అంటూ కొసలు ముందుకే పెట్టి ఊరి చివరిదాకా నడిపాడు. పైన చెక్కలు దెయ్యం పట్టినట్టు ఊళ వేశాయట. ఆపి, తిప్పి కట్టి, అదే దారిలో వెనక్కొచ్చాడు. కారు దిగుతూ, "వాడు అబద్ధం చెప్పలేదు," అన్నాడు. ఒక కొట్టువాడికి ఆయన అంతకన్నా పెద్ద సర్టిఫికెట్టు ఇవ్వగా నేను వినలేదు.

అక్కడితో ఊరుకున్నాడా? అత్తయ్య పాత నేతచీరకున్న ఎర్ర అంచు చింపి స్కీల వెనక కొసలకి కట్టాడు. మన దగ్గర లారీ వెనక ఇనుప చువ్వలు బయటికి పొడుచుకొస్తే ఎర్రగుడ్డ కడతారు చూడండి, అలా. ఆ స్కీలు కారు దాటి బెత్తెడు కూడా బయటికి రావు. అయినా కట్టాడు.

"తాతా, ప్లీజ్, అది తీసెయ్. అందరూ నవ్వుతున్నారు. లాండ్రీలా ఉంది," అని మా అమ్మాయి బతిమాలింది.

"నవ్వనీ. నవ్వాలంటే ముందు చూడాలిగా. చూస్తే చాలు నాకు."

నేనూ వెంట వెళ్ళేదాన్ని. ఒకసారి హైవే పోలీసు మమ్మల్ని ఆపాడు. ఆ గుడ్డ ఏమిటి, ఏదైనా ఆపదలో ఉన్నారా అని అడిగాడు. మావయ్య తన బందరు ఇంగ్లీషులో, "ఆపద రాకముందే కట్టాను సార్," అన్నాడు. వెనక సీట్లో మా అమ్మాయి కోటు తలమీదికి లాక్కుంది. పోలీసు కారు చుట్టూ ఒకసారి తిరిగి, పట్టీ ఒకటి గట్టిగా లాగి చూసి, పొమ్మన్నాడు. కారు కదిలాక మావయ్య మొహం వెలిగిపోయింది. "చూశావా, వాడూ మన మాట నమ్మలేదు. మంచివాడు."

కొండ మీద ఆయన ఎప్పుడూ జారలేదు. ఫ్లాస్కు పక్కన పెట్టుకుని కింద కాంటీన్ కిటికీ దగ్గర కూర్చుని, పిల్లల్ని పైకి మోసుకెళ్ళే ఇనుప తాడునే చూస్తుండేవాడు. దారిలో మాత్రం చెవి పైకప్పుకి అప్పగించేవాడు. గాలికి పట్టీలు సన్నగా ఒకే శ్రుతిలో మోగేవి. మేం కబుర్లలో ఉండగా, "ఉండండి, పాట మారింది," అని పక్కకి తీసి ఆపేవాడు. దిగి, ఒక్కో పట్టీనీ లాగి చూసేవాడు. అన్నీ బిగువుగానే ఉండేవి. ఎప్పుడు దిగినా అంతే.

"మరెందుకు మావయ్యా ఈ చలిలో?"

"మన వస్తువు ఊడితే మన మీద పడదే. వెనక వచ్చేవాడి మీద పడుతుంది. వాడికి మనమెవరమో కూడా తెలీదు."

అమ్మాయి హైస్కూలు ఆఖరి ఏడాదిలో ఒక పోటీ వచ్చింది. ఆ రోజు బాగా జారినవాళ్ళు రాష్ట్ర పోటీలకి వెళతారు. ఆ ఒక్క పూట కోసం అది ఏళ్ళతరబడి మోకాళ్ళు కొట్టుకుపోయేలా సాధన చేసింది. ముందు సీట్లో నేను, వెనక దాని జట్టు పిల్లలిద్దరితో అది, పైన ముగ్గురి స్కీలు. సగం దారిలో మావయ్య, "పాట మారింది," అన్నాడు.

ఈసారి పట్టీలు కాదు, ర్యాక్‌ని కారు అంచుకి పట్టి ఉంచే ఇనుప కొక్కెం. దాని మీద వెంట్రుకంత గీత చూపించాడు. "చీలింది."

"తుప్పు తాతా అది!"

నేనూ వంగి చూశాను. చీలికలాగా ఉంది. తుప్పులాగానూ ఉంది. దగ్గర్లో గ్యారేజీకి వెళితే మెకానిక్ దాన్ని పిడికిలితో రెండు గుద్దులు గుద్ది, ఏం కాదు పొమ్మన్నాడు. "గుద్ది చూసేవాడి మాట నేను వినాలా?" అని మావయ్య తెలుగులో గొణిగి, తాడు కొని, కారు లోపలినుంచి పైకి చుట్టి కట్టి, హైవే వదిలేసి పొలాల మధ్య రోడ్ల మీద నత్తలా నడిపాడు. వెనక ఎవరైనా వస్తే పక్కకి ఆగి వాళ్ళని ముందు పోనిచ్చాడు. మేం చేరేసరికి ముగ్గురి పేర్లూ పిలవడం అయిపోయింది.

అమ్మాయి ఏడవలేదు. "యూ డోంట్ ట్రస్ట్ ఎనీథింగ్, తాతా. నన్ను కూడా నమ్మవు," అంది.

"నిన్ను నమ్ముతానమ్మా. ఇనుముని నమ్మను."

అది మొహం తిప్పుకుంది. ఇంటికి చేరాక మళ్ళీ ఎప్పుడూ అది ఆయన కారు ఎక్కలేదు.

ఆ ర్యాక్‌ని ఆయన ఆ వారమే పారేశాడు. విరిచి చూద్దామని నేను వెళ్ళేలోపు చెత్త బండి తీసుకుపోయింది. అది చీలికో తుప్పో నాకు ఈ రోజుకీ తెలియదు. ఆ రోజు మా వెనక రావలసినవాడెవడైనా ఆయన వల్ల బతికాడో, మా పిల్ల కష్టం ఊరికే పోయిందో తెలియదు. బతికినవాడు ఉంటే వాడికీ తెలియదు. మెచ్చుకోవడానికి రుజువు లేదు, తప్పు పట్టడానికీ లేదు. అలాంటి మనిషిని ప్రేమించడం కష్టమే. అయినా ప్రేమించాం.

అమ్మాయి మిషిగన్‌లో కాలేజీకి వెళ్ళింది. పండక్కి ఇంటికొచ్చినప్పుడు ఆయనతో మాట్లాడమని ఫోన్ ఇస్తే, "హాయ్ తాతా, బాగున్నావా, అమ్మకి ఇస్తున్నా," అంతే. అది సొంత కారు కొనుక్కుని దాని మీద ర్యాక్ పెట్టించుకుందని విన్నప్పటినుంచీ ఆయన ఎప్పుడు కనిపించినా అదే అడిగేవాడు.

"ర్యాక్ ఎవరు బిగించారట?"

"అదే బిగించుకుందట."

"నువ్వు చూశావా?"

"చూడలేదు మావయ్యా."

అక్కడితో ఊరుకునేవాడు. దానికి ఇంకా కోపంగా ఉందా అని మాత్రం ఒక్కనాడూ అడగలేదు. ఆ ప్రశ్ననే ఇలా అడిగేవాడని నా అనుమానం.

కబురు అందేసరికి అమ్మాయి మిషిగన్ ఉత్తరాన ఏదో మంచుకొండ మీద ఉంది. అక్కడినుంచి అలాగే బయల్దేరి నేరుగా చర్చికి వచ్చింది. నల్ల గౌను, కళ్ళు వాచి ఉన్నాయి, కారు పైన స్కీలు. కొసలు వెనక్కే ఉన్నాయి. ఎర్రగుడ్డ లేదు. ఉంటుందని ఎందుకనుకున్నానో! "ఇవాళైనా అవి దించి రావలసింది," అన్నాను. "టైమ్ లేదమ్మా," అంది.

సమాధుల తోటకి బయల్దేరాం. ముందు శవపేటిక ఉన్న బండి, అందులో డ్రైవరు పక్కన అత్తయ్య. దాని వెనకే అమ్మాయి కారు, అందులో దాని పక్కన నేను. మా వెనక, పగలే లైట్లు వేసుకుని, మన చర్చి కార్లన్నీ. సన్నగా మంచు పడుతోంది. అమ్మాయి రెండు చేతులతో స్టీరింగ్ పట్టుకుని నడుపుతోంది. ఊరు దాటాక ఉన్నట్టుండి తల పక్కకి వంచింది.

"అమ్మా, విన్నావా?"

"ఏంటి?"

"సౌండ్ మారింది."

నాకేమీ వినిపించలేదు. అది అప్పటికే కారు పక్కకి తీస్తోంది. వెనక కార్లు ఒకదాని తరవాత ఒకటి ఆగాయి. ఎవరూ హారన్ కొట్టలేదు. అమ్మాయి దిగి, వట్టి చేతులతో మంచు దులిపి, ఒక్కో పట్టీనీ లాగింది. అటు తిరిగి మళ్ళీ లాగింది. ర్యాక్ కొక్కేల దగ్గర వంగి, వేలితో అంచంతా తడిమింది. తరవాత వెనక ఆగిన కార్లవంక కాసేపు అలా చూస్తూ నిలబడి, వచ్చి కూర్చుంది. చేతులు ఎర్రగా కందిపోయి ఉన్నాయి.

"వదులైందా?" అని అడిగాను.

"లేదమ్మా. చూశాను."

మేం ఆగిన సంగతి ముందు బండి డ్రైవరు ఆలస్యంగా గమనించినట్టున్నాడు. చాలా దూరం వెళ్ళి, వంతెన ఎక్కబోయే ముందు ఆగాడు. ఆ మంచులో బండి కనిపించడం లేదు. దాని వెనక ఎర్ర లైట్లు మాత్రం మేం చేరేదాకా వెలుగుతూనే ఉన్నాయి.